పిల్లవాడిని స్టేషన్‌కు తీసుకెళ్లారంటే: తొలి రాత్రి నుంచి బోర్డు ఉత్తర్వు దాకా

రాత్రి తొమ్మిదింటికి పక్కింటివాళ్లు పరుగున వచ్చి మీ వాడిని పోలీసులు బండెక్కించుకుని వెళ్లారని చెప్పినప్పుడు, ఏ తల్లిదండ్రులకైనా మొదట తోచేది తెలిసిన నాయకుడికి ఫోన్ చేయడం, ఆ తర్వాత తోచేది అప్పు కోసం తిరగడం. ఆ రెండింటికన్నా ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావాటికి పైసా ఖర్చు ఉండదు. న్యాయ సహాయం అందేలా కుటుంబాలకు తోడుండే పారా లీగల్ వాలంటీరుగా, ఇలాంటి కుటుంబాల వెంట పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు వరండాల్లో కూర్చున్న కాలంలో నాకు బాగా తెలిసివచ్చింది ఇది: పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కోసం మన దేశంలో ఉన్న చట్టం మంచిదే గాని, పిల్లవాడి బతుకు గురించిన నిజాన్ని తెచ్చి బోర్డు ముందు పెట్టేవాళ్లు ఉన్నప్పుడే అది చట్టంలా పనిచేస్తుంది. ఆ నిజం కుటుంబం దగ్గర ఉంటుంది. దాన్ని ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలో, చెప్పిన తర్వాత కూడా చట్టం వల్ల కానిదేమిటో వివరించడానికే ఇది రాస్తున్నాను.

ఈ చట్టం దేనికోసం

ఇప్పుడు అమలులో ఉన్నది 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం. అది 2016 జనవరి 15న అమల్లోకి వచ్చింది. 2021లో చేసిన సవరణలు 2022 సెప్టెంబరు 1 నుంచి వర్తిస్తున్నాయి. పెద్దవాళ్ల కోర్టులో ప్రధానమైన ప్రశ్న నేరం రుజువైందా, అయితే ఎంత శిక్ష అన్నది. జువైనల్ జస్టిస్ బోర్డు ముందు దానితోపాటు మరో ప్రశ్న ఉంటుంది: ఈ పిల్లవాడు ఇక్కడిదాకా ఎలా వచ్చాడు, ఏం చేస్తే మళ్లీ రాకుండా ఉంటాడు? అందుకే పత్రికలు బాల నేరస్థుడని రాసినా చట్టం ఆ మాట వాడదు. చట్టంతో విభేదించిన బాలుడు అంటుంది. చట్టంలోని 3వ సెక్షన్ పదహారు సూత్రాలను చెబుతుంది. నిర్దోషి అన్న భావనతోనే పిల్లవాడిని చూడాలనీ, ఇంటికి దూరంగా పిల్లలను ఉంచే హోంలో పెట్టడం వేరే దారి ఏదీ లేనప్పుడే చేయాలనీ, జరిగినదాన్ని జీవితమంతా వెంటాడే మచ్చగా మిగల్చకూడదనీ వాటి సారాంశం.

ఈ చట్టంలో దయతోపాటు భయం కూడా ఉందని కుటుంబాలు తెలుసుకోవాలి. 1986 చట్టం అబ్బాయిలకు పదహారేళ్ల వరకు, అమ్మాయిలకు పద్దెనిమిదేళ్ల వరకు వర్తించేది. 2000 చట్టం ఇద్దరికీ పద్దెనిమిదిగా నిర్ణయించింది. 2012 డిసెంబరులో ఢిల్లీలో బస్సులో జరిగిన అత్యాచారం, హత్య కేసులో నిందితుల్లో ఒకడు పద్దెనిమిదేళ్లలోపువాడు కావడం, అతనికి చట్టం అనుమతించిన గరిష్ఠ కాలం మూడేళ్లే కావడం దేశమంతటా ఆగ్రహం రేపాయి. వయసు తగ్గించవద్దని, ఆ ఘటన తర్వాత ఏర్పాటైన జస్టిస్ వర్మ కమిటీ 2013లో చెప్పినా, పార్లమెంటు 2015లో పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవారికి, ఘోర నేరాల (కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాటి) విషయంలో మాత్రం, పెద్దవాళ్లలా విచారించేందుకు ఒక ద్వారం తెరిచింది. ఆ ద్వారం గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే కుటుంబం అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన చోటు అదే.

ఏడేళ్లలోపు పిల్లలు చేసినదేదీ నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ చెబుతుంది. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్యవారైతే, చేసిన పని స్వభావాన్నీ పర్యవసానాన్నీ గ్రహించేంత పరిణతి ఉందా లేదా అన్నది 21వ సెక్షన్ ప్రకారం చూడాలి.

తొలి రాత్రి

ఇంట్లో ఇద్దరుంటే ఒకరు స్టేషన్‌కు, ఒకరు కాగితాల కోసం బీరువా దగ్గరకు వెళ్లాలి. స్టేషన్‌కు వెళ్లినవాళ్లు గట్టిగా మాట్లాడనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. పిల్లవాడి వయసు చెప్పి, బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో అడగాలి. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక అధికారికి ఆ బాధ్యత అప్పగించాలని చట్టం నిర్దేశించింది. పిల్లవాడిని ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో గాని జైలులో గాని పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, నేరం ఒప్పుకొమ్మని ఒత్తిడి చేయకూడదు, ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించుకోకూడదు. మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు పక్కన ఉండవచ్చు. ఇవన్నీ చట్టంలోనూ, కేంద్రం 2016లో ప్రకటించిన నమూనా నియమాల్లోనూ ఉన్నవే కాబట్టి వీటిని అడగడం ఎదిరించడం కిందికి రాదు.

ఆ నియమాల్లోనే చాలామందికి తెలియని ఇంకో మాట ఉంది. ఘోర నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసినదో అయితే తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదు. స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపాలి. ఫోన్ దొంగతనం లాంటి కేసుల్లో పిల్లవాడి మేలు కోసం అవసరమైతే తప్ప అదుపులోకి తీసుకోవడమే అక్కర్లేదు. కనుక ఏ సెక్షన్ కింద తీసుకున్నారో అడిగి కాగితం మీద రాసుకోండి. ఎఫ్‌ఐఆర్ అయితే దాని ప్రతి తీసుకోండి. ఆ సెక్షన్ అంకె మీదే తర్వాతి దారి అంతా ఆధారపడి ఉంటుంది.

పిల్లవాడిని పట్టుకున్న క్షణం నుంచి, ప్రయాణ సమయం మినహా, 24 గంటల్లోగా బోర్డు ముందు హాజరుపరచాలి. కాగితాలు రాసిన క్షణం నుంచి లెక్కపెట్టకూడదు. ఆ రోజు బోర్డు కూర్చోకపోతే సభ్యుల్లో ఏ ఒక్కరి ముందైనా హాజరుపరచవచ్చని చట్టమే చెబుతోంది కాబట్టి ఆదివారమని, పండగని ఆపడానికి వీల్లేదు. వాస్తవంలో ఎక్కువగా గాడి తప్పేది ఇక్కడే: విచారణ కోసం కూర్చోబెట్టామంటారు, రేపు పొద్దున రమ్మంటారు, మూడు రోజులు గడుస్తాయి, రికార్డులో మాత్రం నిన్న సాయంత్రమే పట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే మీరు స్టేషన్‌కు వెళ్లిన సమయం, మాట్లాడిన అధికారి హోదా, పిల్లవాడిని చూసిన సమయం రాసి పెట్టుకోండి. 24 గంటలు దాటితే 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వారు దొరుకుతారు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పవచ్చు. జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఉంది, కనుక ఆ రాత్రే వకీలు ఫీజు కోసం పుస్తెలు తాకట్టు పెట్టనక్కర్లేదు.

పిల్లవాడి ఒంటి మీద దెబ్బలుంటే బోర్డు ముందుకు తీసుకెళ్లిన వెంటనే చెప్పాలి. మొదటి రోజు చెప్పని దెబ్బను పదో రోజు రుజువు చేయడం చాలా కష్టం.

వయసు కాగితం

వయసును నేరం జరిగిన తేదీ నాటికి లెక్కిస్తారు, పట్టుబడిన రోజుకు కాదు. పదిహేడేళ్లప్పుడు జరిగినదానికి ఇరవై ఏళ్లప్పుడు పట్టుకున్నా కేసు బోర్డుకే వెళ్లాలి. వయసు విషయం ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిసిన తర్వాత కూడా లేవనెత్తవచ్చు.

చట్టంలోని 94వ సెక్షన్ ఒక వరుస చెబుతుంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి మెమో. అవి లేనప్పుడు పంచాయతీ, మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం. ఈ రెండూ లేనప్పుడు మాత్రమే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలో లేదు. మన ఊళ్లలో ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఐదేళ్లు నిండినట్టు కనిపించాలని పంతులుగారు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేయడం ఎంత మామూలో అందరికీ తెలుసు. ఆ తేదీ వల్ల నిజంగా పదిహేడేళ్లున్న పిల్లవాడు కాగితం మీద పద్దెనిమిది దాటి పెద్దల జైలుకు వెళ్లే ప్రమాదం ఉంది. బడి రికార్డు, జనన పత్రం వేర్వేరుగా ఉంటే రెండూ తీసుకెళ్లి వకీలుకు ముందే చూపించండి. ఆసుపత్రి కాన్పు కాగితం, టీకాల కార్డు ఉంటే అవీ ఇవ్వండి. ఘటన జరిగిన తర్వాత పరుగెత్తి కొత్త జనన పత్రం పుట్టించే ప్రయత్నం మాత్రం చేయవద్దు. దాని మీద పడే అనుమానం మీరు చెప్పే మిగిలిన నిజాలన్నింటి మీదా పడుతుంది.

బోర్డు ముందు, బెయిలు దగ్గర

బోర్డులో ముగ్గురుంటారు: మూడేళ్ల అనుభవానికి తగ్గని ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ కావాలి. కోర్టు హాలులా ఎత్తైన బల్ల, బోను ఉండకూడదు. పిల్లవాడు భయపడకుండా మాట్లాడగలిగేలా ఉండాలన్నది ఉద్దేశం, కాబట్టి ఇంట్లో వాడికి ముందే చెప్పండి: అడిగినదానికి నిదానంగా జవాబివ్వు, తెలియనిది తెలియదని చెప్పు, ఎవరో నేర్పిన కథ చెప్పకు.

బెయిలు విషయంలో పిల్లల చట్టం పెద్దల చట్టానికి తలకిందులుగా ఉంటుంది. 12వ సెక్షన్ ప్రకారం నేరం బెయిలబుల్ అయినా నాన్ బెయిలబుల్ అయినా పిల్లవాడిని పూచీకత్తుతోనో, లేకుండానో, పిల్లవాడి పరిస్థితులు విచారించి బోర్డుకు చెప్పే ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలోనో విడుదల చేయాలి. నిరాకరించడానికి కారణాలు మూడే: విడుదలైతే తెలిసిన నేరగాళ్ల సావాసంలో పడతాడని, లేదా అతనికి నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదమని, లేదా న్యాయ ప్రయోజనం దెబ్బతింటుందని నమ్మడానికి ఆధారముండాలి, ఆ కారణాన్ని బోర్డు రాతలో పెట్టాలి. నేరం పెద్దదన్నది ఆ మూడింటిలో లేదు. మంజూరైన షరతులను ఏడు రోజుల్లో నెరవేర్చలేకపోతే షరతులు మార్చడానికి పిల్లవాడిని మళ్లీ బోర్డు ముందుకు తేవాలి కాబట్టి, జామీనుదారు దొరకలేదన్న ఒక్క కారణంతో నెలల తరబడి హోంలో వదిలేయవద్దు. బోర్డు నిరాకరిస్తే ముప్పై రోజుల్లోగా చిల్డ్రన్స్ కోర్టుకు (పిల్లల కేసులు చూసే సెషన్స్ స్థాయి కోర్టుకు) అప్పీలు చేసుకోవచ్చు.

బెయిలు అంటే విడిచిపెట్టేయడం అన్న భావన ఎంత బలంగా ఉందో 2024 మే నెలలో పుణె కేసులో చూశాం. పోర్షే కారుతో ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల ప్రాణాలు తీశాడన్న ఆరోపణ ఎదుర్కొన్న పదిహేడేళ్ల బాలుడికి బెయిలు ఇస్తూ రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమన్న షరతు పెట్టారు. జనం మండిపడ్డారు, బోర్డు అతణ్ణి తిరిగి హోంకు పంపింది, జూన్‌లో బాంబే హైకోర్టు అది చట్టసమ్మతం కాదని విడుదల చేయించింది. నా అభిప్రాయంలో అక్కడ బెయిలు తప్పు కాదు. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న కుటుంబాలు వింటున్నాయన్న స్పృహ లేకుండా ఆ షరతు రాయడం తప్పు. మన పట్టణాల్లో ఇంటర్ చదివే కుర్రాడికి బుల్లెట్ బండి కొనిచ్చే తల్లిదండ్రులు మాత్రం ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు చేసిన నేరానికి సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ప్రొబేషన్ అధికారికి ఏం చెప్పాలి

మొత్తం వ్యవహారంలో కుటుంబాలు అత్యంత తేలికగా తీసుకునేది, నిజానికి అత్యంత ముఖ్యమైనది ఇదే. ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లోగా సామాజిక దర్యాప్తు నివేదిక తయారుచేసి బోర్డుకు ఇవ్వాలి. బెయిలుకైనా, పెద్దవాడిలా విచారించాలా అని తేల్చే ప్రాథమిక అంచనాకైనా, చివరి ఉత్తర్వుకైనా బోర్డు ముందుండే పిల్లవాడి బొమ్మ ఆ కాగితమే. ఆ అధికారి ఇంటికి వచ్చినప్పుడు చాలా ఇళ్లలో జరిగేది పరువు కాపాడుకునే ప్రయత్నం. తండ్రి తాగుడు దాస్తారు, పిల్లవాడు ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి మెకానిక్ షెడ్డుకు వెళ్తున్న సంగతి దాస్తారు, చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలి మందులు వాడిన సంగతి పెళ్లి సంబంధాలకు అడ్డమని దాస్తారు. నివేదికలో కుటుంబ వాతావరణం బాగుందని ఒక్క ముక్క పడుతుంది. అప్పుడు బోర్డుకు కనిపించేది ఏ లోటూ లేకపోయినా తప్పు చేసిన మొండివాడు. ఏ లోటూ కనబడని చోట కౌన్సెలింగ్ ఎందుకు, మత్తు విడిపించే కేంద్రం ఎందుకు?

అలాగని ఇంటి కష్టమంతా ఏకరువు పెట్టి ఊరుకుంటే అదీ ప్రమాదమే, ఎందుకంటే ఇల్లే ప్రమాదకరమని తేలితే బెయిలు నిరాకరించడానికి చట్టం చెప్పిన రెండో కారణం సరిగ్గా అక్కడ కూర్చుంటుంది. కనుక కష్టాన్ని, దానికి మీరు ఆలోచించిన విరుగుడును ఒకే ఊపిరిలో చెప్పాలి. సావాసం చెడ్డదైతే, కేసు తేలేదాకా వేరే మండలంలో ఉన్న మేనమామ ఇంట్లో ఉంచుతామని చెప్పి ఆ మేనమామను, ఆయన ఆధార్ కార్డును, ఆయన రాసిచ్చిన కాగితాన్ని తీసుకురండి. బడి మానేసి ఉంటే ప్రధానోపాధ్యాయుడిని కలిసి మళ్లీ చేర్చుకుంటామన్న ఉత్తరం తెచ్చుకోండి. పది తప్పి ఉంటే ఓపెన్ స్కూల్‌లో కట్టిన ఫీజు రశీదు చూపండి. పాత వైద్యం కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి ఇవ్వండి. ఇంట్లో పగలు ఎవరుంటారు, రాత్రి ఎవరుంటారు, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి గాని, పిల్లవాడిని ఈ ఇంటికి పంపవచ్చా లేదా అని బోర్డు తేల్చుకునేది వాటితోనే.

పెద్దవాళ్లు పిల్లలతో చేయించిన పని అయితే అది కూడా ఇక్కడే బయటపడాలి. మన్యం నుంచి గంజాయి సంచులు మోయించేందుకు పిల్లలను ఎంచుకోవడం వెనుక, దొరికినా వాళ్లకు శిక్ష తక్కువ పడుతుందన్న లెక్క ఉంటుంది. బాలలను మత్తుపదార్థాలు మోయడానికి వాడుకున్నవారికి 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారం ఉంది. భయంతోనో, వాళ్లిస్తామన్న డబ్బుతోనో ఆ పేరు దాచిపెడితే, సంచి బరువంతా పిల్లవాడి మీదే మిగులుతుంది. గంజాయి ఇరవై కిలోలు దాటితే అది ఘోర నేరాల జాబితాలోకి వెళ్తుంది. పేరు చెప్పేముందు వకీలుతో మాట్లాడండి, కుటుంబానికి రక్షణ కావాలని బోర్డును అడగండి, కాని దాచవద్దు.

నేరం ఏ తరగతిది, ఎంతకాలం పడుతుంది

గరిష్ఠ శిక్ష మూడేళ్ల వరకే ఉన్నవి చిన్న నేరాలు; మామూలు దొంగతనం ఇందులోకి వస్తుంది. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవి ఘోర నేరాలు. హత్య, అత్యాచారం అలాంటివి. మధ్యలోనివి తీవ్ర నేరాలు. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా కనీస శిక్ష ఏడేళ్లు లేనప్పుడు ఘోర నేరం కాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, 2021 సవరణ దాన్ని చట్టంలో చేర్చింది. హత్యాయత్నం వినడానికి ఎంత భయంకరంగా ఉన్నా ఆ లెక్కలో తీవ్ర నేరమే.

పిల్లవాడిని మొదట హాజరుపరచిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగించాలి. మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరాల్లో ఆ గడువు కూడా దాటితే కేసు అంతటితో ముగిసిపోతుంది. ఈ సంగతి బోర్డుకు గుర్తుచేయడం మీ వకీలు పని, వకీలుకు గుర్తుచేయడం మీ పని. పెద్దవాళ్లతో కలిసి ఉన్న కేసైనా పిల్లవాడి విచారణ వేరుగానే జరగాలి.

పదహారు దాటితే: ప్రాథమిక అంచనా

పదహారేళ్లు నిండిన పిల్లవాడి మీద ఘోర నేరం ఆరోపణ ఉంటే, ఆ పని చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, దాని పర్యవసానాలను గ్రహించగల శక్తి, అది జరిగిన పరిస్థితులు బోర్డు అంచనా వేస్తుంది. ఆ తర్వాత కేసును చిల్డ్రన్స్ కోర్టుకు పంపవచ్చు, అక్కడ పెద్దవాడిలా విచారించవచ్చు. అప్పుడు కూడా మరణశిక్షగాని, విడుదలకు అవకాశం లేని యావజ్జీవంగాని వేయడానికి వీల్లేదు. ఇరవై ఒక్కేళ్లు వచ్చేదాకా జైలుకు పంపకుండా వేరే సురక్షిత కేంద్రంలో ఉంచాలి, ఆ వయసు వచ్చాక పిల్లవాడిలో మార్పు వచ్చిందో లేదో మళ్లీ చూడాలి.

ఈ అంచనా మీద నాకు నమ్మకం తక్కువ. ఘటన జరిగిన వారాల తర్వాత, హోం వాతావరణంలో, ముక్కూ మొహం తెలియని మనిషి ఎదుట గంటసేపు కూర్చున్న కుర్రాడి జవాబుల నుంచి, ఆ రోజు ఆ క్షణంలో వాడి మనసు ఎలా ఉందో ఎంత గొప్ప నిపుణుడు మాత్రం ఎలా చెప్పగలడు? తెలివితేటల పరీక్షలో మంచి మార్కులు రావడం వేరు, కోపంలో చేయి ఎత్తినప్పుడు దాని ఫలితం ఎదుటి కుటుంబం దాకా, తన జీవితం దాకా ఎంత దూరం వెళ్తుందో ఊహించగలగడం వేరు. గురుగ్రామ్‌లోని ఒక బడిలో జరిగిన హత్య కేసులో 2022 జూలై 13న సుప్రీంకోర్టు ఈ తేడాను గుర్తించింది. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రంలో అర్హత ఉన్న సభ్యులు లేనప్పుడు నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని చెప్పింది. కాబట్టి మీరు చేయవలసింది ఇది: నిపుణుడిని పిలిచారా అని అడగండి, నివేదిక ప్రతి అడిగి తీసుకోండి, చదువుకుని జవాబివ్వడానికి వాయిదా కోరండి, పిల్లవాడి టీచర్ల మాటలు, వైద్యం కాగితాలు అప్పుడే ముందు పెట్టండి. అంచనాకు వ్యతిరేకంగా సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది.

ఇక్కడ ఒక రకం కేసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లిపోతారు. అమ్మాయి తండ్రి ఫిర్యాదు ఇస్తాడు. అది కిడ్నాప్‌గా, తర్వాత పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుగా మారుతుంది. పోక్సో దృష్టిలో పద్దెనిమిదేళ్లలోపు సమ్మతికి విలువ లేదు, కనీస శిక్ష పదేళ్లు, అమ్మాయికి పదహారు నిండకపోతే ఇరవై. అలా ఒక చిన్ననాటి ప్రేమ హత్యతో సమానమైన గడిలో కూర్చుంటుంది. రెండు కుటుంబాల పెద్దలు కూర్చుని పెళ్లి చేసేద్దామనుకుంటే అది బాల్యవివాహ నేరమై మరో కేసవుతుంది. అమ్మాయి ఇంటికి వెళ్లి మాట్లాడవద్దు, ఫోన్‌లో సందేశాలు చెరపవద్దు, వాటిని వకీలుకు అప్పగించండి.

ఎదుటివాళ్ల ఇల్లు

మీ పిల్లవాడి వల్ల నష్టపోయినవాళ్లకూ ఒక ఇల్లుంది. పెద్దమనుషులను పంపి రాజీ చేసుకోమని, ఫిర్యాదు వెనక్కు తీసుకోమని ఒత్తిడి చేయడం చట్టరీత్యా తప్పు, మనిషిగా ఇంకా పెద్ద తప్పు. ఈ చట్టం పిల్లవాడిని బాగుచేయడం గురించి చెప్పినంత వివరంగా బాధితుల గురించి చెప్పదు. బోర్డు ముందు వారికి దొరికే చోటు తక్కువ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం కోరే మార్గం ఉన్నట్టు వారికి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. క్షమాపణ చెప్పాలన్న కోరిక పిల్లవాడికి నిజంగా కలిగితే, అది బోర్డు ద్వారానే, వాళ్లు వినడానికి సిద్ధపడినప్పుడే జరగాలి.

ఉత్తర్వు వచ్చాక

నేరం రుజువైతే బోర్డు పిల్లవాడిని మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, తల్లిదండ్రులకు జరిమానా వేయవచ్చు, మూడేళ్లకు మించకుండా ప్రొబేషన్ మీద విడువవచ్చు, మూడేళ్లకు మించకుండా స్పెషల్ హోంకు పంపవచ్చు. కుటుంబాలు తరచూ పొరబడేది, హోం అంటే చదువు చెప్పి పని నేర్పి మార్చేస్తారని నమ్మడం. కొన్నిచోట్ల మంచి సూపరింటెండెంట్లు, ఓపికగల టీచర్లు ఉంటారు, కాదనను. కాని బోర్డుల్లో, హోంలలో ఖాళీలు నింపాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. కౌన్సెలరు లేని చోట కౌన్సెలింగ్ ఉత్తర్వు కాగితమే. వారంవారం చూడటానికి వెళ్లండి, వాడు తిన్నాడా అని మాత్రమే కాక ఏం చదివాడో, ఎవరితో ఉంటున్నాడో అడగండి, లోటు కనిపిస్తే బోర్డుకు రాసివ్వండి. మనిషి తిరిగి వచ్చేది అదే వీధికి, అదే స్నేహితుల దగ్గరకు, అదే అప్పుల ఇంటికి. ఆ వీధిని మార్చే అధికారం బోర్డుకు లేదు.

పిల్లవాడి పేరు, ఫొటో, బడి, ఊరు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇది పత్రికలకు ఎంత వర్తిస్తుందో కాలనీ వాట్సాప్ గ్రూపుకూ అంతే వర్తిస్తుంది. ఎవరైనా ఫొటో పెడితే స్క్రీన్‌షాట్ తీసి, సమయంతో సహా వకీలుకు ఇవ్వండి. మీ బంధువులే దిగులుతో పెట్టినా తీయించండి.

24వ సెక్షన్ ప్రకారం ఈ కేసు వల్ల పిల్లవాడికి ఉద్యోగానికి గాని మరి దేనికి గాని అనర్హత రాదు. ముగిసిన కేసు వివరాలను ప్రవర్తన ధ్రువపత్రం కోసం పోలీసులు వెల్లడించకూడదు. చిల్డ్రన్స్ కోర్టు ఘోర నేరం రుజువైందని తేల్చిన పదహారేళ్లు దాటినవారికి మాత్రం ఈ రక్షణ లేదు. రికార్డులను అప్పీలు గడువు వరకు లేదా ఏడేళ్ల వరకు ఉంచి నాశనం చేయాలని నియమాలు చెబుతున్నాయి. అయితే కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన రోజున ధ్రువీకరణ పత్రంలో, మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా అన్న గడి ఎదురవుతుంది. అక్కడ తొందరపడి ఏదో ఒకటి రాయకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలును కలవాలి, ఆయనకు చూపించడానికి ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి కావాలి. అందుకని బోర్డు ఉత్తర్వు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టి ఆ ప్రతి తీసుకుని, పదో తరగతి మెమో ఉన్న కవరులోనే భద్రపరచండి.